పాంటూన్ బోటుకి ట్రోలింగ్ మోటారు: బరువు లెక్క చాలదు, గాలి లెక్క కట్టాలి

పాంటూన్ బోటుకి ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టేటప్పుడు బోటుని నెమ్మదిగా కదిలించే చిన్న మోటారు) పెట్టించుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది, ఎన్ని పౌండ్ల థ్రస్ట్, అంటే తోసే బలం, కావాలి అని. దీనికి అందరి నోళ్లలో నానే సూత్రం ఒకటుంది. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి బోటు బరువులో ప్రతి 100 పౌండ్లకి 2 పౌండ్ల థ్రస్ట్. సూత్రం తప్పేమీ కాదు. కానీ అది నీళ్లకి దగ్గరగా, చదునుగా ఉండే చేపల బోట్లకి బాగా కుదిరే లెక్క. పాంటూన్ బోటు కట్టుబడే వేరు. రెండో మూడో అల్యూమినియం గొట్టాలు, వాటి మీద నీటికి రెండడుగుల ఎత్తున డెక్, డెక్ చుట్టూ రెయిలింగ్ పలకలు, లోపల సోఫాల్లాంటి సీట్లు, పైన గుడ్డ పందిరి. నీటిలో మునిగేది కొంచెం, గాలికి ఎదురు నిలిచేది బోలెడు.

ఒక 22 అడుగుల బోటు తీసుకుందాం. ఖాళీగా 2,200 పౌండ్లు తూగేది ఇంజను, ఇంధనం, ఆరుగురు మనుషులు, బ్యాటరీలు చేరేసరికి 3,800 దగ్గరికి వస్తుంది. సూత్రం ప్రకారం 76 పౌండ్ల థ్రస్ట్ చాలు, అంటే 80 పౌండ్ల మోటారు సరిగ్గా సరిపోయినట్టే. ఇప్పుడు అదే బోటుని పక్కనుంచి చూడండి. డెక్ అంచు, రెయిలింగ్ పలకలు, సీట్ల వీపులు కలిపి గాలి తగిలే వైశాల్యం ఆరు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గంటకి 24 కిలోమీటర్ల గాలి దాని మీద సుమారు 45 పౌండ్ల బలంతో తోస్తుంది. అదే గాలి 32 కిలోమీటర్లకి పెరిగితే తోపు 80 పౌండ్ల దగ్గరికి పోతుంది. అంటే మోటారు మొత్తం శక్తి బోటుని ఉన్నచోట ఉంచడానికే ఖర్చయిపోతుంది, ముందుకి కదలడానికి ఏమీ మిగలదు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది కాబట్టి, పొద్దున ప్రశాంతంగా పనిచేసిన మోటారు మధ్యాహ్నానికి చేతులెత్తేయడంలో వింత లేదు.

అదే బోటు ముక్కుని గాలికి ఎదురుగా తిప్పితే గాలి తగిలే వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లకి పడిపోతుంది. 32 కిలోమీటర్ల గాలిలోనూ తోపు 35 పౌండ్లు దాటదు. మోటారుని ఎక్కడ బిగించాలన్న ప్రశ్నకి జవాబులో సగం ఇక్కడే ఉంది. మోటారు ముక్కు దగ్గరుంటే బోటుని పట్టి లాగుతుంది. అప్పుడు వెనకభాగం గాలివాటున దానంతటదే సర్దుకుని, ముక్కు గాలికి ఎదురుగా నిలబడుతుంది. వెనక బిగించిన మోటారు బోటుని నెడుతుంది. ముక్కుని గాలి పక్కకి తోస్తుంటే క్షణక్షణం సరిచేసుకుంటూ పోవాల్సిందే. వెనక మోటారు బిగించడం తేలిక, తీగ ఖర్చు తక్కువ, నిజమే. గాలి అంతగా లేని చిన్న చెరువులో నెమ్మదిగా తిరగడానికి అది చాలు. గాలిలో ఒకచోట నిలబడి చేపలు పట్టాలన్నా, జీపీఎస్ లంగరు (బోటుని మోటారే తనంతట తాను ఒకచోట నిలిపే సదుపాయం) వాడాలన్నా మాత్రం ముక్కు మోటారే పెట్టండి. ఇంజను కిందిభాగంలోని ప్లేటుకే బిగించే రకం మోటార్లు కూడా ఉన్నాయి. అవి డెక్ మీద చోటు తినవు, కానీ నెట్టే మోటార్లకుండే ఇబ్బందంతా వాటికీ ఉంటుంది.

థ్రస్ట్ ఎక్కువైతే వేగం పెరుగుతుందన్న అపోహ కూడా ఒకటుంది. ట్రోలింగ్ మోటారు గరిష్ఠ వేగాన్ని ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి పోయే దూరం), అది తిరిగే వేగం కలిసి కట్టేస్తాయి. పెద్ద మోటారు పెట్టినా పాంటూన్ నడక వేగాన్ని పెద్దగా మించదు. అదనపు థ్రస్ట్ పనికొచ్చేది గాలిని తట్టుకోవడానికి, ఆగి ఉన్న బోటుని కదిలించడానికి. సాధారణంగా 12 వోల్టుల మోటార్లు 55 పౌండ్ల దగ్గర, 24 వోల్టులవి 80 దగ్గర, 36 వోల్టులవి 112 దగ్గర ఆగుతాయి. 18 అడుగుల లోపు తేలికపాటి పాంటూన్‌కి, పందిరి మడిచి ఉంచే అలవాటుంటే, 55 పౌండ్లతో సరిపెట్టుకోవచ్చు. 20 నుంచి 22 అడుగుల వాటికి 24 వోల్టుల 80 పౌండ్లు కనీసం. 24 అడుగులు దాటినా, మూడు గొట్టాల బోటయినా, తెరిపి లేని గాలి వీచే పెద్ద జలాశయమైనా 36 వోల్టులకి వెళ్లడమే మేలు. పందిరి ఎత్తి ఉంచితే పైన చెప్పిన గాలి లెక్కలన్నీ ఇంకా పెరుగుతాయని గుర్తుంచుకోండి.

షాఫ్ట్ పొడవు

థ్రస్ట్ కొంచెం తక్కువైనా సర్దుకోవచ్చు, షాఫ్ట్ (పైనున్న తలనీ నీటిలో ఉండే మోటారునీ కలిపే కడ్డీ) పొట్టిదైతే మాత్రం మోటారు కొన్నా కొననట్టే. ప్రొపెల్లర్ పై అంచు మీద కనీసం 12 అంగుళాల నీరుండాలి. అంతకంటే పైకొస్తే అది నీటి మీద గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గుర్రుమని శబ్దం, థ్రస్ట్ సున్నా. జీపీఎస్ లంగరు వేసి ఉంటే ఇంకా గందరగోళం. మోటారు పట్టు దొరక్క వేగం పెంచుతుంది, మునగగానే ఒక్కసారిగా లాగుతుంది, బోటు ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

కొలవాల్సింది మోటారు కూర్చునే తలం నుంచి నీటిమట్టం దాకా. ఈ కొలత ట్రైలర్ మీద తీస్తే పనికిరాదు, బోటు నీటిలో తేలుతుండగా తీయాలి. అదీ మనుషుల్ని వెనక సీట్లలో కూర్చోబెట్టి, ముక్కు వీలైనంత పైకి లేచి ఉన్నప్పుడు. ముందు ఎవరూ లేనప్పుడు పాంటూన్ ముక్కు రెండు మూడు అంగుళాలు ఇట్టే లేస్తుంది. షాఫ్ట్ సరిపోవాల్సింది ఆ ఎత్తుకే. బ్రాకెట్, దాని కింద వేసే దిమ్మల మందం కూడా కలపాలి. అలా వచ్చిన కొలతకి 22 అంగుళాలు, అలలుండే నీళ్లయితే ఇంకో 5 లేదా 6 కలపండి. డెక్ 24 అంగుళాలు, బ్రాకెట్ 2 అంగుళాలు అనుకుంటే 26. దానికి 22, మళ్లీ 6 కలిపితే 54. దొరికే పొడవుల్లో దాని పైది 60 అంగుళాలు. చేపల బోట్లకి మామూలుగా అమ్మే 45, 52 అంగుళాల షాఫ్టులు చాలా పాంటూన్లకి ఎందుకు సరిపోవో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది. పొడవు కాస్త ఎక్కువైతే నష్టం లేదు, షాఫ్ట్‌ని పట్టి ఉంచే కాలర్ సడలించి పైకి లాక్కోవచ్చు. పొట్టిదాన్ని పొడిగించే దారి లేదు.

ముందు డెక్ మీద చోటు

పాంటూన్ ముందు రెయిలింగ్‌కి బయట మిగిలే డెక్ కొన్ని బోట్లలో ఎనిమిది అంగుళాలే ఉంటుంది, కొన్నింటిలో రెండడుగుల దాకా ఉంటుంది. మధ్యలో గేటు. 60 అంగుళాల మోటారు మడిచి పడుకోబెడితే ఐదున్నర, ఆరడుగుల చోటు కావాలి. పెద్ద చిక్కు ఇదే. తేలిగ్గా దొరికే దారి గేటు తెరిచి, మడిచిన మోటారు గేటులోంచి లోపలికి వచ్చేలా బిగించడం. అప్పుడు ఆ గేటుని మనుషులు వాడుకోలేరు, మోటారు మడిచి ఉన్నంతసేపూ అది మూతపడదు. ప్రయాణంలో ముందు గేటు తెరిచి ఉంటే అక్కణ్ణుంచి జారినవాళ్లు నేరుగా గొట్టాల మధ్యకి, ప్రొపెల్లర్ దారిలోకి పోతారు. పిల్లలు ఎక్కే బోటయితే ఈ పద్ధతి అసలు వద్దు.

మెరుగైనది గేటుకి ఒక పక్కగా, రెయిలింగ్ వెంబడి మోటారు అడ్డంగా పడుకునేలా బ్రాకెట్‌ని ఏటవాలుగా తిప్పి బిగించడం. ఇలా పెట్టవచ్చో లేదో కాగితం మీద తేలదు. అట్టపెట్టె కోసి మోటారు అసలు కొలతలతో నమూనా చేయండి. తల, షాఫ్ట్, కింది మోటారు, మడత పడే కీలు అన్నీ అందులో ఉండాలి. దాన్ని డెక్ మీద పెట్టి దించినట్టూ ఎత్తినట్టూ మొత్తం తిప్పి చూడండి. కింది మోటారు రెయిలింగ్‌కి తగులుతోందా? తల గేటు గొళ్లేనికి అడ్డమొస్తోందా? దీపాల తీగలు ఎక్కడ? ఒక్క రంధ్రం వేయకముందే ఇవన్నీ తేలిపోతాయి.

రెండో కొలత నీటి కింద. మోటారు సరిగ్గా గొట్టం ముందుకి వస్తే, అది వెనక్కి చిమ్మే నీటిధార నేరుగా గొట్టం ముక్కుని కొడుతుంది. ముందుకి లాగే బలంలో కొంత అక్కడే వృథా అవుతుంది, డెక్ మీదికి దడదడమని శబ్దం కూడా వస్తుంది. అందుకే గొట్టం నుంచి లోపలివైపుకి అడుగు, అడుగున్నర జరిపి పెట్టాలి. ధార గొట్టాల మధ్యనుంచి సాఫీగా వెనక్కి పోతుంది. మోటారు పూర్తి చుట్టు తిరిగినప్పుడు ప్రొపెల్లర్ కొసకీ గొట్టానికీ మధ్య కనీసం మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి, ఎందుకంటే బరువు పడ్డప్పుడు షాఫ్ట్ వంగుతుంది.

బోటు మధ్యగీతకి పక్కగా ఉందే, బోటు ఒకవైపుకి లాగదా అన్న భయం చాలామందికి. అంత బెంగ అక్కర్లేదు. మోటారు మధ్యగీతకి రెండున్నర అడుగుల పక్కన, బోటు తిరిగే కేంద్రానికి పదడుగుల ముందు ఉందనుకుంటే, తిన్నగా పోవడానికి తల సుమారు 14 డిగ్రీలు తిప్పి ఉంచాలి. దానివల్ల ముందుకి లాగే బలంలో పోయేది 3 శాతమే. జీపీఎస్ ఉన్న మోటారు ఈ దిద్దుబాటు తనే చేసుకుంటుంది.

బోల్టులు పట్టుకునేది దేన్ని

డెక్ అంటే ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్, దాని కింద 16 లేదా 24 అంగుళాలకొకటి చొప్పున అడ్డంగా అల్యూమినియం దూలాలు. 80 పౌండ్ల థ్రస్ట్ డెక్‌కి మూడడుగుల కింద లాగుతుంటే బ్రాకెట్ దగ్గర 240 అడుగు-పౌండ్ల మెలిక పడుతుంది. ముందు బోల్టులకీ వెనక బోల్టులకీ మధ్య దూరం 16 అంగుళాలనుకుంటే, ఒక వరస బోల్టుల్ని 180 పౌండ్ల బలం పైకి పెరుకుతున్నట్టు లెక్క. మోటారు ముందుకి లాగుతున్నప్పుడు ఆ భారం ముందు వరస మీద పడుతుంది. షాఫ్ట్ నీటిలో మోడుకి తగిలితే బలం తిరగబడి వెనక వరస మీదికి పోతుంది, అదీ ఒక్క దెబ్బలా. చెక్క స్క్రూలు పెడితే ఒక కాలం గడవకముందే ప్లైవుడ్ పోగులు పోగులుగా నలిగి రంధ్రాలు వదులవుతాయి.

కాబట్టి డెక్‌ని దాటి కిందికి పోయే పావు అంగుళం స్టెయిన్‌లెస్ బోల్టులు, కనీసం నాలుగు, వీలైతే ఆరు. కింద వాషర్లు మాత్రమే చాలవు. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు వేసి, బోల్టులన్నీ దానిలోంచి వచ్చేలా చేసి, నైలాన్ లాక్ నట్లతో బిగించాలి. ఆ ప్లేటు ఒక అడ్డదూలం మీదికి కూడా ఎక్కేలా పొడిగిస్తే భారం ప్లైవుడ్ మీంచి చట్రం మీదికి పోతుంది. నాసిగా బిగించిన బ్రాకెట్టుకీ దీనికీ తేడా ఆ ఒక్క దూలమే.

డెక్ ముందు అంచున అల్యూమినియం పట్టీ కాస్త పైకి లేచి ఉంటుంది. బ్రాకెట్‌ని నేరుగా పెడితే దాని మీద ఊగుతుంది. బ్రాకెట్ కింద అర నుంచి ఒక అంగుళం మందమున్న గట్టి ప్లాస్టిక్ పలక, హెచ్‌డీపీఈ లాంటిది, వేసి తలం సమం చేయండి. చెక్క దిమ్మ వద్దు, నీరు పీల్చి కుళ్లుతుంది. మోటారుని తీసి పెట్టుకునేలా విడదీసే బ్రాకెట్ వాడటం పాంటూన్‌కి మరీ మంచిది. చేపలు పట్టని రోజున 25, 30 కిలోల బరువుని డెక్ మీంచి తీసేయొచ్చు, గేటు దారి ఖాళీ అవుతుంది.

రంధ్రం వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. డెక్ మీద కార్పెట్ ఉంటే డ్రిల్ బిట్ ఒక్క పోగుని పట్టుకుందంటే చాలు, అడుగు పొడవున వరసంతా లాగి చుట్టేసుకుంటుంది. రంధ్రం పడేచోట ముందు పదునైన కత్తితో చిన్న గుండ్రం కోసి కార్పెట్ తీసేయండి, లేదా వేడి ఇనుప కొసతో పోగుల్ని కరిగించండి. రెండోది ఇంకా ముఖ్యం. ముందు భాగంలో గొట్టం పైభాగం డెక్ కింద కొన్ని అంగుళాల దూరంలోనే ఉంటుంది. బిట్ ప్లైవుడ్ దాటిన ఊపులో గొట్టానికి తగిలితే తేలడానికి ఆధారమైన దానికే చిల్లు పడ్డట్టు. బిట్ మీద అంగుళం దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి, కింద చెక్క దిమ్మ ఒకటి అడ్డం పెట్టండి. మొదటి రంధ్రానికి ముందు కిందికి వంగి ఇంధన గొట్టం, తీగలు ఎక్కడ పోతున్నాయో కళ్లారా చూడండి. డెక్ అడుగున అల్యూమినియం రేకు కొట్టిన బోట్లలో ఆ రేకు ముందు వరస విప్పక తప్పదు.

ప్లైవుడ్ రంధ్రాల లోపలి అంచుకి ఎపాక్సీ పూసి ఆరనిచ్చి, బోల్టు పెట్టేటప్పుడు మెరైన్ సీలెంట్ నింపండి. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియాన్ని తాకే ప్రతిచోటా వేరే పూత కావాలి, టెఫ్‌జెల్ లాంటిది. తడి చేరితే ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తెల్లటి పొడిగా తినుకుపోతుంది. ఉప్పునీళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. స్టెయిన్‌లెస్ నట్లని ఇంపాక్ట్ డ్రైవర్‌తో వేగంగా తిప్పితే మరలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తర్వాత కోసి తీయడం తప్ప మార్గం ఉండదు. పూత రాసి చేత్తోనే బిగించండి.

తీగ సన్నగా ఉంటే మోటారు చిన్నదైనట్టే

బ్యాటరీలు వెనక ఉంటే ముక్కు దాకా తీగ దారి 25 అడుగులు. కరెంటు పోయి రావాలి కాబట్టి లెక్కలో 50 అడుగులు. 24 వోల్టుల 80 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో 56 ఆంపియర్లు లాగుతుంది. 8 గేజి తీగ (గేజి నంబరు తగ్గేకొద్దీ తీగ లావు) వేస్తే దారిలోనే 1.76 వోల్టులు, అంటే 7 శాతం పైగా పోతుంది. 6 గేజి వేస్తే 1.1 వోల్టులు, 4 గేజి వేస్తే 0.7 వోల్టులు, అంటే 3 శాతం లోపు. ఇదే దూరంలో 12 వోల్టుల 55 పౌండ్ల మోటారు 50 ఆంపియర్లు లాగుతుంటే 6 గేజిలో కూడా 8 శాతం పోతుంది. పెద్ద బోటుకి 12 వోల్టులు ఎందుకు గిట్టుబాటు కాదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. మా సలహా, ముక్కు దాకా పోయే 24 వోల్టుల మోటారుకి 4 గేజి, 36 వోల్టులకి 6 గేజి.

గేజి అన్న మాటని గుడ్డిగా నమ్మొద్దు. ఎస్ఏఈ (వాహనాల తీగల ప్రమాణం) గేజి ప్రకారం చేసే తీగల్లో అదే నంబరు ఏడబ్ల్యూజీ (అమెరికా తీగల గేజి) తీగ కంటే రాగి 5 నుంచి 12 శాతం తక్కువ ఉంటుంది. చవగ్గా దొరికే తీగల్లో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. అది నిరోధం ఎక్కువున్న తీగ, పైగా తడికి త్వరగా పాడవుతుంది. తగరం పూసిన రాగి పోగుల మెరైన్ తీగే కొనండి.

బ్రేకరు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. అమెరికాలో బోట్ల ప్రమాణాలు రూపొందించే ఏబీవైసీ లెక్క ప్రకారం 7 అంగుళాల లోపు. తీగ నేరుగా బ్యాటరీ నుంచి బయల్దేరి పొడవునా తొడుగులో ఉంటే 72 అంగుళాల దాకా పోవచ్చు. బ్రేకరు కాపాడేది తీగని. దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగ ముక్క ఎక్కడైనా అల్యూమినియం చట్రానికి రాసుకుని తెగితే దాన్ని ఆపే దిక్కు లేదు. 55, 80, 112 పౌండ్ల మోటార్లు అన్నిటికీ 60 ఆంపియర్లది, చేత్తో తిరిగి వేసుకునే రకం పెట్టాలి.

తీగని డెక్ కింద వేలాడనివ్వొద్దు. ప్రయాణంలో కింద నీరు పంపు ధారలా కొడుతూ ఉంటుంది. రబ్బరు పొదిగిన క్లాంపులతో 18 అంగుళాలకొకచోట అడ్డదూలాలకి బిగించండి. అల్యూమినియంలోంచి దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (తీగ అంచుకి కోసుకోకుండా వేసే రింగు) ఉండాలి. చాలా బోట్లలో పక్క అంచు వెంబడి తీగల కోసమే ఒక కాలువ ఉంటుంది. తీగని లాగడానికి ఒక తాడు ముందే అందులోంచి లాగి పెట్టుకుంటే పని సగం అయినట్టే.

ముక్కు దగ్గరి ప్లగ్గు, సాకెట్టు 60 ఆంపియర్లకి చాలినవై ఉండాలి. కాలిపోయిన ప్లగ్గులు తెచ్చి చూపించేవాళ్లు తప్పంతా ప్లగ్గు మీదే వేస్తారు, చాలాసార్లు తప్పు క్రింపింగులో, అంటే తీగ కొసకి లోహపు లగ్గుని నొక్కి బిగించడంలో, ఉంటుంది. 56 ఆంపియర్లు పోతున్న జాయింటులో అర వోల్టు పడిపోయిందంటే 28 వాట్ల వేడి ఆ చిటికెడంత చోట పుడుతోందని అర్థం, చిన్న సోల్డరింగ్ ఐరన్ ఇచ్చేది అంతే. దీన్ని పట్టుకోవడం తేలిక. బోటుని రేవుకి గట్టిగా కట్టి, మోటారు పూర్తి వేగంలో పెట్టి, మల్టీమీటర్ రెండు కొసల్నీ ఒకే జాయింటుకి ఇటూ అటూ ఆనించండి. మంచి జాయింటులో 0.05 వోల్టు లోపే కనిపిస్తుంది. 0.1 దాటితే కోసి కొత్త లగ్గు వేయండి. బ్యాటరీ నుంచి ప్లగ్గు దాకా ఒక్కొక్కటీ ఇలా చూసుకుంటూ పోతే పావుగంటలో దొంగ దొరుకుతాడు. బ్రేకరు ఊరికే ట్రిప్పవుతుంటే దాన్ని పెద్దది చేయడం ప్రమాదం. ప్రొపెల్లర్‌కి నాచు చుట్టుకుందేమో, బ్రేకరు స్క్రూలే వదులై వేడెక్కుతున్నాయేమో ముందు చూడండి.

ప్లస్, మైనస్ తారుమారైతే వేగాన్ని మృదువుగా మార్చే ఎలక్ట్రానిక్ మోటార్లలో కంట్రోల్ బోర్డు అక్కడికక్కడే పోతుంది. తీగలన్నీ కలిపాక, మోటారు తగిలించకముందు సాకెట్ దగ్గర వోల్టేజీ చూడండి. నిండా చార్జి ఉన్న రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు వరసలో ఉంటే 25.4 దగ్గర రావాలి, ముందు మైనస్ గుర్తు ఉండకూడదు. బోటు అల్యూమినియం శరీరాన్ని మాత్రం ఎప్పుడూ తిరుగు తీగగా వాడొద్దు. దారి తప్పిన కరెంటు గొట్టాల్ని వెల్డింగుల దగ్గర తినేస్తుంది.

బ్యాటరీలు

ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ ఈ పనికి రాదు, డీప్ సైకిల్ రకం (చాలావరకు ఖాళీ చేసి మళ్లీ మళ్లీ చార్జి చేయదగ్గది) కావాలి. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ జతలో నిజంగా వాడుకోదగ్గది సగం, కాస్త పైన. సగటున 15 ఆంపియర్లతో నెమ్మదిగా తిరిగితే మూడున్నర, నాలుగు గంటలు. గాలికి ఎదురు పూర్తి వేగంలో అయితే గంట కూడా రాదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ లాగేకొద్దీ లెడ్ యాసిడ్ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుంది. అంతే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ జత 15 ఆంపియర్ల మీద ఐదున్నర గంటలు ఇస్తుంది. బరువు 25 కిలోలు, లెడ్ యాసిడ్ జతకి 55. పాంటూన్‌లో ఈ తేడాకి విలువ ఉంది. ముందే 30 కిలోల మోటారు ముక్కు మీద ఎక్కింది, అక్కడే మనుషులూ నిలబడతారు. బ్యాటరీలు కూడా ముందు పెడితే వేగంలో ముక్కు నీటిలోకి దూసుకుపోతుంది. మధ్యలోనో వెనకో సీటు కింద పెట్టండి, తీగ పొడుగైనా సరే. ఈ బరువులన్నీ బోటు మీద రాసి ఉన్న గరిష్ఠ సామర్థ్యంలోంచే పోతాయి.

లిథియం కొనేటప్పుడు అవి వరసలో కలపడానికి అనుమతి ఉన్నవేనా, లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) నిరంతరంగా 60 ఆంపియర్లకి పైన ఇవ్వగలదా చూడండి. నీరు గడ్డకట్టే చలిలో వాటిని చార్జి చేయకూడదు. లిథియం వోల్టేజీ చివరిదాకా దిగకుండా నిలబడుతుంది కాబట్టి కొన్ని మోటారు కంపెనీలు పూర్తి వేగంలో ఎక్కువసేపు నడపొద్దని మాన్యువల్‌లో హెచ్చరిస్తాయి. కొనకముందే ఆ పేజీ చదవండి.

వరసలో కలిపిన రెండు బ్యాటరీలూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి. వాటిలో ఒకదాని నుంచి చేపల సోనార్‌కో పాటల పెట్టెకో 12 వోల్టులు లాక్కోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఒక్క బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది, చార్జరు దాన్ని పూర్తిగా నింపేలోపు రెండోది పొంగుతుంది, ఏడాది తిరక్కముందే జతంతా మూలకి చేరుతుంది. వాటికి ఇంజను బ్యాటరీనో వేరే చిన్న బ్యాటరీనో వాడండి. చార్జరు ప్రతి బ్యాటరీకీ విడి అవుట్‌పుట్ ఉన్నదై ఉండాలి. బ్యాటరీ పెట్టెల్ని పట్టీలతో అంగుళం కూడా కదలకుండా కట్టాలి. లెడ్ యాసిడ్ అయితే సీటు కింద గాలి ఆడే దారి తప్పనిసరి, చార్జింగులో వచ్చే హైడ్రోజన్ బయటికి పోవాలి.

నీటిలోకి దించాక

జీపీఎస్ మోటారుకి విడిగా దిక్సూచి సెన్సర్ ఉంటే, దాని బాణం బోటు పొడవుకి సమాంతరంగా ముక్కువైపు చూడాలి. మోటారు ఏటవాలుగా ఉందని సెన్సర్‌ని కూడా ఏటవాలుగా పెట్టేస్తే లంగరు వేసిన ప్రతిసారీ బోటు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పాంటూన్‌లో ఇంకో ఉచ్చు ఉంది. రెయిలింగ్ పలకల్లో, సీట్ల పక్కల్లో స్పీకర్లు ఉంటాయి, వాటి వెనక అయస్కాంతాలు. స్పీకర్లకీ, మోటారు తీగలకీ సెన్సర్ రెండు మూడడుగుల దూరం ఉండాలి. చోటు ఖాయం చేశాక గాలి లేని పూట మాన్యువల్‌లో చెప్పినట్టు నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కాలిబ్రేట్ చేయండి.

మొదటిసారి నడిపాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి. ప్లైవుడ్, సీలెంట్ నలిగి కొంచెం సర్దుకుంటాయి, ప్రతి నట్టుకీ అరచుట్టు, ఒకచుట్టు దొరుకుతుంది. నెల తర్వాత ఇంకోసారి చూడండి. పెద్ద ఇంజను వేసే ముందు ట్రోలింగ్ మోటారు పూర్తిగా ఎత్తి, పట్టీతో కట్టి ఉండాలి. కిందికి దిగి ఉన్న షాఫ్ట్ మీద 20 మైళ్ల వేగం నీటిధార పడితే, వెనక్కి వంగేది షాఫ్ట్ ఒక్కటే కాదు, బ్రాకెట్ కూడా ఊడొస్తుంది. చేపలు పట్టి వచ్చిన ప్రతిసారీ ప్రొపెల్లర్ నట్టు విప్పి వెనక చూడండి. అక్కడ చుట్టుకున్న సన్నటి గాలపు దారం కంటికి కనబడదు, కానీ తిరిగేకొద్దీ షాఫ్ట్ సీలుని కోస్తుంది, మోటారులోకి నీరు దిగే దారి అదే. విప్పినప్పుడు బయటికొచ్చే డ్రైవ్ పిన్ను (ప్రొపెల్లర్‌ని తిప్పే చిన్న కడ్డీ) వంగి ఉంటే మార్చండి. ఒక కొత్త పిన్ను, ఒక నట్టు, ఆ నట్టుకి సరిపోయే రెంచి బోటులోనే ఒక డబ్బాలో ఉంచుకోండి.